విన్నచోటే నీళ్లు

ఆ పొద్దున గూడ పెనుకొండలో పాలు పోసే ఆయప్ప టయానికే వచ్చినాడు, కుక్కలు టయానికే అరిచినాయి. గౌరి మాత్రం అక్క పిలిపిస్తే కువైట్‌కు బయల్దేరతా ఉండాది. 1997, జూన్ నెల. వాళ్ళ నాయన యల్లప్ప ఆమె సంచిలో చెనక్కాయల పొడి, ఊరగాయ, తీపి ఓళిగలు ఎంత కుక్కినాడంటే, కువైట్‌లో కరువొస్తే ఊరంతా నెల దినాలు ఆ సంచి మీదనే బతకొచ్చు. మూతి కట్టేసి, మొగం చూడకుండా ఒక్క మాట చెప్పినాడు.

"అక్కకు అమ్మ సంగతి చెప్పొద్దు పాపా. అది ఊరికొచ్చినప్పుడు నేనే చెప్తా."

గౌరి అక్క నీలావతి ఆరేండ్లుగా కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తాంది. వాళ్ళమ్మ కుళ్ళాయమ్మ పోయి ఏడు నెలలైంది. ఆ సంగతి నీలావతికి తెలీదు. ఆ ఇంట్లో ఫోను ముట్టుకోనియ్యరు. మాట్లాడాల్సినవన్నీ క్యాసెట్లో రికార్డు చేసి, ఊరికొచ్చిపోయే వాళ్ళ చేతికిచ్చి పంపుకుంటారు. చెప్పినా వచ్చేకి కాదు, ఆడ ఒంటిగా ఏడ్చి చస్తాదని యల్లప్ప దాచినాడు.

దాచేకి మనిషి ఇంట్లోనే ఉండె. పెనుకొండలో గౌరి అనుకరించని గొంతు లేదు. ఒకసారి గోడ చాటునుంచి హెడ్మాస్టరు గొంతుతో సెలవని అరిస్తే, అందరికన్నా ముందు హెడ్మాస్టరే ఇంటికి పోయినాడంట. అమ్మ దినాలు అయిన మరుసటి రోజే గౌరి అమ్మ గొంతుతో క్యాసెట్ నింపింది. ఇప్పటికి నాలుగు పంపింది. మోకాళ్ళ నొప్పులు ఇప్పుడు అస్సలు లేవని గూడ చెప్పింది. ఆలోచిస్తే అది అబద్ధం గాదు.

కువైట్ విమానాశ్రయంలో ఏసీ చలికి పండ్లు కొట్టుకున్నాయి. ఒక ఆఫీసరు ఓళిగ తీసి, లైటుకు అడ్డం పెట్టి, పాస్‌పోర్టు మాదిరి అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళా సంచిలో పెట్టినాడు. బయట తలుపు తెరుచుకుంటానే పొయ్యిలోకి తోసినట్టయింది. ధర్మవరం మే నెల దీని ముందర చల్లమజ్జిగ. ఆ జనంలోనుంచి ఒకామె ఉరుక్కుంటా వచ్చి గౌరిని పట్టుకునింది. ఆరేండ్లలో అక్క అచ్చం అమ్మ మాదిరి అయిపోయింది.

అక్క పనిచేసే ఇంటి డ్రైవరు సాల్మన్‌ది తనకల్లు. సంచి మోస్తా, మనూర్లలో వానలు పడినాయా అని అడిగినాడు. కారు టౌను దిక్కు బయల్దేరింది. రోడ్డు మీద ఒక గుంత లేదు, అడ్డం వచ్చే ఎనుము లేదు. ఇంత సుఖంగా పోతే డ్రైవరుకు నిద్ర రాకుండా ఎట్లుంటాదో గౌరికి అర్థం కాలేదు. నీలావతి చెల్లెలి చెయ్యి ఇడవకుండా మాట్లాడతానే ఉండాది.

"నిన్ను ఎందుకు పిలిపించినానో తెలుసా? నా బదులు నువ్వు చేస్తే, నన్ను నెల దినాలు పంపుతామన్నారు. గురువారం టికెట్టు. నాయనకు గూడ చెప్పలేదు. అమ్మను పుట్టపర్తి ఆస్పత్రికి పిల్చుకోని పోయి మోకాళ్ళు చూపిస్తా. నొప్పి లేదంటాది గానీ, ఆమె సంగతి నాకు తెలీదా?"

గౌరి నోటికి ఒకేసారి పద్దెనిమిది అబద్ధాలొచ్చినాయి. అమ్మ మొగంతో చూస్తాండే అక్క ముందర ఒకటి గూడ చెప్పేకి కాలేదు.

"అక్కా, అమ్మ లేదు."

"యాడికి పోయింది?"

"కార్తీకంలోనే పోయిందక్కా. నిద్రలోనే."

"మొన్న క్యాసెట్లో మాట్లాడిందే."

"అది నేను."

నీలావతి చెయ్యి ఇడిచిపెట్టింది. బండి నిలపమని సాల్మన్‌కు చెప్పి, ఇసుకలోకి దిగింది. గౌరి ఎనకనే దిగింది.

"ఏడు నెలలు," అనింది నీలావతి. "ఏడు నెలలు చచ్చిపోయిన మనిషిని మందులు మింగమని తిడ్తా క్యాసెట్లు పంపిస్తి. మీరంతా కూచోని ఇన్నారా?"

"నాయన ఒక్కడే ఇనేటోడు. నేను అమ్మ మాదిరి మాట్లాడేటప్పుడు గూడ వచ్చి కూచుంటాండె. గోడ దిక్కు తిరుక్కోని. అయిపోయినాక, ఇంగో రెండు మాటలు మాట్లాడు పాపా అంటాండె."

నీలావతి సాల్మన్‌ను నీళ్ళడిగింది. ఆయప్ప బాటిలిస్తే తాగలేదు. నెత్తిన గుడ్డ తీసేసి ఇసుకలో కూచునింది. స్నానం ఇంటికి పోయినాక చేసుకోవచ్చు కదమ్మా అన్నాడు సాల్మన్.

"చావు కబురు యాడ ఇంటే ఆడనే నీళ్ళు పోసుకోవాలన్నా. ఎన్నాళ్ళకు ఇన్నా సరే. నాకు మాయమ్మ ఈపొద్దే పోయింది." బాటిలు గౌరి చేతికిచ్చింది. "పోయ్."

గౌరి సగం బాటిలు పోసింది. ఆ ఎండకు నీళ్ళు ఇసుకలో పడతానే ఆరిపోతాండాయి. నీలావతి తలెత్తి చెల్లెలి మొగం చూసింది.

"నువ్వు ఏడ్చినావా మే?"

"యాడక్కా. ఏడిస్తే గొంతు బొంగురుపోతాది, అక్కకు తెలిసిపోతాదని నాయన ఏడవనియ్యల్యా."

నీలావతి లేచింది. బాటిలు లాక్కోని, మిగిలిన నీళ్ళన్నీ గౌరి నెత్తిన గుమ్మరించింది. గౌరి ఆమె మీద పడి, దారిన పోయే కార్లు మెల్లగయ్యేటట్టు ఏడ్చింది.

"గురువారం నేను పోతా," అనింది నీలావతి, చెల్లెలి ఎంట్రుకలు పిండుతా. "నాయన ఒక్కడే ఉండాడు."

ఇద్దరూ తడిబట్టలతోనే కారెక్కినారు. సాల్మన్ ఏమీ అడక్కుండా ఏసీ ఆపేసి, అద్దాలు దించినాడు.