సందుల్లో మరక

మా అమ్మాయి సస్మిత పసిపాపతో ఆస్పత్రి నుంచి వచ్చే ముందురోజు, మధ్యాహ్నం వేళ స్నానాలగది తోముదామని కూర్చున్నాను. ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ కలిసుండే గోసాని నువాగాంలో ఆ అద్దింట్లోకి మేం దిగి నెలే అయింది. అంతా బాగుంది గాని, గోడ టైల్స్ సందుల్లో మాత్రం ఇటుకరంగు మరకలు. బాలింత స్నానం చేసే చోటు... నాకు మనసొప్పలేదు.

బయట ముసురు. వంటసోడా ముద్దగా కలిపి సందుల్లో పూసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. గరగర... గరగర... మరక కదిలింది. తెల్లటి గీత తేలింది. నీళ్ళు కొడితే తుప్పు వాసన వస్తుందనుకున్నాను. విరిగిన పాల వాసన వచ్చింది.

నాలుగు వరసలయ్యాక చెయ్యి లాగేస్తుంటే ఆగాను.

గరగర... ఆగలేదు.

గోడ అవతల. నేను రుద్దిన సందు వెంటే, మెల్లగా.

నా భర్త ఢిల్లీశ్వరరావుని పిలిచాను. "ఏటయ్యా, ఈ గోడెనకాల ఎవులున్నారు?"

"ఎవులుంటారే? అటేపు ఉత్త కాళీ జాగా. మోకాల్లోతు నీళ్ళు..." అంటూనే గుమ్మంలో ఆగిపోయాడు. అతనికీ వినబడింది.

చెవి గోడకి ఆనించాను. చప్పుడు ఆగింది. సరిగ్గా నా చెవి దగ్గర, ఏడ్చి ఏడ్చి అలిసిన ఆడగొంతు, ఒడియాలో గొణిగింది...

"దాగ జాయిని..."

మరక పోలేదు, అని.

వెనక్కి పడ్డాను. తెల్లబడిన సందులు ఒక్కొక్కటే మళ్ళీ ఎర్రబడుతున్నాయి. తడిగా. పైనుంచి కిందికి.

పక్కింటి భారతీదేవి దగ్గరకి పరిగెత్తాను. ఆవిడ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

"మీకు ముందు ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండీది, సరళా. పురుడు నీళ్ళ రోజే బిడ్డ పోయింది. ఆపైన పగలంతా ఆ గదే తోముకునీది."

"తరవాత ఏటైంది?"

"ఏమో... ఒకరోజు చూస్తే సామాన్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి. మనిషి లేదు."

ఆ గదికి తాళం వేసేశాం. ఇంకో ఇల్లు దొరికేదాకా స్నానాలకి పెరట్లో తడక కట్టుకున్నాం. సస్మితకి కారణం చెప్పలేదు.

తను వచ్చిన మూడోరోజు నేను గంజి వారుస్తుంటే లోపల్నుంచి కేకేసింది.

"అమ్మా, పాపకి తానం పోసీసినావేటి?"

నేను పొద్దున్నుంచి పాపని ముట్టుకోలేదు. గిన్నె అక్కడే వదిలి వెళ్ళాను.

పాప నిద్రలో నవ్వుతోంది. జుట్టంతా తడి. ఒంటినిండా సాంబ్రాణి వాసన. చిన్న అరికాలి మధ్య కాటుక చుక్క...

మా ఇంట్లో కాటుక లేదు.

వేలితో తాకాను. ఇంకా ఆరలేదు.