ఖాళీ గదిలో పందిరి మంచం

హనుమకొండలో వీరభద్రం స్టూడియో ముందు గదిలో, సంసారం వెనక గదుల్లో. పొద్దున మొహం కడుక్కోవడమే ఆలస్యం, ఆయన కెమెరాను ఒళ్లో పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడవడం మొదలుపెట్టేవాడు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. ఆ పొద్దున కూడా అదే సేవ సాగుతోంది.

“ఆ డబ్బాను తుడిసినంత ప్రేమగ నా మొకం దిక్కు చూసినవా ఎన్నడన్న?” అంది భార్య కళావతి, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ.

“నీ మొకానికి ఫోకస్ ఎందుకే? కండ్లు మూసుకున్నా కనిపిస్తది.”

కళావతి మూతి తిప్పుకుంది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. వీరభద్రం గ్లాసు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసు పక్కనుంచి పోయింది. కోడలు వరలక్ష్మి చప్పుడు కాకుండా గ్లాసును ఆయన వేళ్ల దగ్గరికి జరిపింది.

మామయ్య కళ్లు మసకబారుతున్నాయని ఆ ఇంట్లో తెలిసింది వరలక్ష్మికీ, ఆమె మొగుడు గోపాల్‌కీ మాత్రమే. పెళ్లి పందిట్లో, ఎండ వెలుతురులో తీసే ఫొటోలు ఎలాగో గట్టెక్కేవి. అమ్మకానికి పెట్టిన ఇళ్ల లోపల తీసినప్పుడే దొరికిపోయేవాడు. గుమ్మం స్పష్టంగా వచ్చేది, వెనక గోడ మబ్బుగా ఉండేది. కానీ ఆయనకు చెప్పేదెవరు? ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు తీసిన చెయ్యి అది. ఆయన బతికుండగా ఇంకొకరు ఆ కెమెరా ముట్టుకోవడం ఆ ఇంట్లో లేదు, గోపాల్ కూడా చీకటి గదిలో ఫొటోలు కడగడం వరకే. పుట్టింట్లో తండ్రి దుకాణం మూసి కూర్చున్నాక ఎలా కుంగిపోయాడో వరలక్ష్మి కళ్లారా చూసింది. కెమెరా పక్కన పెట్టమంటే మామయ్య కూడా మనిషిగా మిగలడని ఆమె భయం.

అందుకే ఆ ఉపాయం పన్నింది. ఫొటోల మీద మచ్చలు, మరకలు దిద్దే టచింగ్ పని ఎలాగూ ఆమెదే. పాత ఫొటోల్లోంచి మంచమో, కుర్చీయో, బీరువానో బ్లేడుతో కత్తిరించి మసక ఉన్న చోట అంటించేది. బ్రష్షుతో నీడలు దిద్దేది. దాన్ని గోపాల్ మళ్లీ ఫొటో తీసి కాపీలు వేసేవాడు. ఖాళీ ఇల్లు కాస్తా కాపురమున్న ఇల్లయిపోయేది! ఇళ్లు అమ్మేవాళ్లకు అది తెగ నచ్చేసింది. “ఖాళీ ఇల్లు చూపియ్యుండ్రి, సంసారమున్న ఇల్లు చేసిస్తం” అంటూ గోపాల్ బేరాలు కూడా పట్టుకొచ్చాడు. ఫొటోల కవర్లన్నీ అతని చేతుల మీదుగానే పోయేవి కాబట్టి తండ్రి దాకా విషయం రాలేదు.

ఆ పొద్దున వచ్చింది.

“ఈ ఫొటో తీసినోడెవడయ్యా? బయటికి రమ్మను!”

పరకాల పక్క పల్లె నుంచి వచ్చిన చిలుకమ్మ చేతిలో ఫొటో ఊపుతూ గడపలో నిలబడింది. వీరభద్రం కంగారుగా లేచాడు.

“నేనే చెల్లే. ఏమైంది?”

“ఏమైందా? కుమార్‌పల్లిల ఇల్లు కొంటానం. మా అత్తమ్మ మంచంల నుంచి లేవదు, దవాఖాన దగ్గరుంటదని. ఓనరేమో హైదరాబాద్‌ల ఉండె, తాళంచెవి ఆయన కాడనే ఉండె. ఇల్లు బయట నుంచి చూసి, లోపల ఈ ఫొటోల చూసి బయానా ఇచ్చినం. ఫొటోల మంచం చుట్టు మనిషి తిరిగేంత జాగ ఉన్నది. నిన్న తాళమొచ్చినంక మా పందిరి మంచం ఏసి చూస్తే ఈ గోడకు ఆ గోడకు తాకుతాంది! ముసల్దాన్ని లేపి కూసోవెట్టాలంటే నేనేడ నిలబడాలె? గోడెక్కాల్నా?”

“నేను తీసిన గదిల మంచమే లేదమ్మా.” వీరభద్రం ఫొటో అందుకుని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. నల్లగా ఏదో ఆకారం ఆనింది. “గోపాల్! ఇదేందిరా?”

వరలక్ష్మి తలుపు చాటు నుంచి ముందుకొచ్చింది.

“నేనే మామా. నేనే అంటించిన.”

వీరభద్రం మొహం ఎర్రబడింది. “నా ఫొటోల అబద్దం పెట్టినవా? ఇన్నేండ్ల పేరు, ఒక్క బ్లేడుతోని కోసి పడేసినవ్ గదనే! రేపటి సంది స్టూడియోల అడుగు పెట్టకు.”

“బాపూ, అది గాదు...” అని గోపాల్ నోరు తెరిచాడు. వరలక్ష్మి అతని వైపు ఒక్క చూపు చూసింది. అతను ఆగిపోయాడు. ఆ టచింగ్ బల్ల దగ్గర కూర్చున్నప్పుడే ఆమె తనో మనిషినని అనుకునేది. అది పోయినా సరే, అసలు సంగతి మాత్రం బయటపడకూడదని గట్టిగా అనుకుంది.

కళావతి ఊరుకోలేదు. “పెండ్లి పిల్లల మొకాలు తెల్లగ చేస్తె లేని అబద్దం, మంచంతోనే వచ్చిందా?”

“మొకం తెల్లగ చేస్తె ఎవల ముసలవ్వకు జాగ తక్కువ కాలేదే! అరె గోపాల్, నేను తీసిన అసలు ఫొటో పట్టుకరా.”

“వద్దు మామా,” అంది వరలక్ష్మి. “తప్పు నాదే అంటాన గద.”

“తెమ్మన్న!”

గోపాల్ తెచ్చాడు. తేక తప్పుతుందా? వీరభద్రం దాన్ని గుమ్మంలో ఎండకు పట్టాడు.

“చూడు చెల్లే, నువ్వే చూడు. ఎంత సాఫ్‌గ ఉన్నదో! గోడకున్న మొల కూడ కనవడ్తది. ఇసొంటి ఫొటోకు మంచమెందుకు?”

చిలుకమ్మ వంగి చూసింది. ఆమెకేం తెలుసు పాపం!

“ఏం సాఫన్నా? గుమ్మమొక్కటే కనవడ్తాంది. లోపలంత పొగ పట్టినట్టున్నది.”

వీరభద్రం కొడుకు వైపు తిరిగాడు. గోపాల్ తల దించుకున్నాడు. కోడలు కొంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది. ఆయన బొటనవేలితో ఆ ఫొటోను రుద్దాడు. మసక పోతుందేమోనని ఇంకోసారి రుద్దాడు. మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

“నా కండ్ల మసక మీద మంచమేసినవా బిడ్డా?”

వరలక్ష్మి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. “మీరు కెమెరా ఇడిస్తె ఏమైపోతరోనని భయపడ్డ మామా. ఆ గది ఎంతున్నదో నేనెన్నడు చూడలే. చేతికి దొరికిన మంచం బొమ్మ చిన్నది, అదే అంటించిన. ఈ అమ్మకు ఇంత కష్టమైతదని అనుకోలే.”

“నిజం చెప్తె తట్టుకోననుకున్నరా అందరు? నేను గంత పిరికోన్నా?” అన్నాడు. తనే తల ఊపాడు. “పిరికోన్నే. దీపం చూస్తె చుట్టు రంగులు కనవడబట్టి ఎన్నాళ్లాయె! ఎవరికి చెప్పిన? మీరు నాకు చెప్పలే, నేను మీకు చెప్పలే. నడుమ ఈ చెల్లె ఆగమైంది.”

కళావతి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చిలుకమ్మ కోపం కూడా ఎటో పోయింది. “మా అత్తమ్మకు గట్లనే అయితె దవాఖానల ఆపరేషన్ చేసిండ్రన్నా. ఇప్పుడు మంచంల కూసోనే బియ్యంల రాళ్లేరుతది. ఫికర్ చెయ్యకు,” అంది.

“చేయించుకుంట చెల్లే, రేపే పోత. నీకు ఇల్లు వద్దంటె ఓనరుతోని మాట్లాడి బయానా వాపసిప్పించే పూచీ నాది. ముందుగాల ఆ గదిని ఉన్నదున్నట్టు తీసి ఆయనకు పంపాలె.” ఆయన లేచి కెమెరా అందుకున్నాడు. దాని పట్టీని కోడలి మెడలో వేశాడు.

“నేనా మామా?”

“నువ్వే. పేరు నేను కాపాడుకుంటాన అనుకున్న. ఇన్నాళ్లు కాపాడింది నువ్వు. నడువు.”

అందరూ కలిసి కుమార్‌పల్లి వెళ్లారు. గోపాల్, చిలుకమ్మ కలిసి మంచం విప్పి బయట పెట్టారు. ఎన్నో రోజులు తన బల్ల మీద దిద్దిన గదిలోకి వరలక్ష్మి మొదటిసారి అడుగుపెట్టింది. ఎంత ఇరుకు! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

వీరభద్రం గోడను తడుముకుంటూ వెళ్లి వెనక మూల నిలబడ్డాడు. “నన్ను పెట్టి తియ్యి. పక్కన మనిషి ఉంటె గది ఎంతున్నదో చూసినోళ్లకు ఎరుకైతది.”

ఆమె కెమెరా మీదికి వంగి ఫోకస్ తిప్పింది. అద్దంలో మబ్బు విడిపోయి గోడ తేలింది, గోడకున్న మొల తేలింది. ఆ ముందు మామయ్య, ముడతలు పడ్డ చెంపలు, చెంపల మీద జారుతున్న నీళ్లు.

“మామా, కండ్లు తుడుసుకోండ్రి. ఫొటోల పడ్తయి.”

“పడనియ్యి బిడ్డా,” అన్నాడు వీరభద్రం, కదలకుండా. “టచింగ్ మాత్రం చెయ్యకు.”