చెత్త బండి జోలపాట

శనివారం పొద్దున సూజూ గంజన్నంలో ఊరేసిన దోసకాయ ముక్క నంజుకుంటూ కోడలి చేతిలోని దువ్వెననే చూస్తోంది. ఐదేళ్ల అన్‌చీకి లియెన్ జడలు వేస్తోంది. పాపిడి కాస్త వంకరగా వచ్చింది. తిన్నగా వచ్చినా సూజూకి వంకరగానే కనిపించేది. కోడలు చేసిన ఏ పనీ సవ్యంగా ఉండదని, ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే తీర్మానించుకున్న మనిషి.

"పాపిడి అలాగేనా తీసేది? మీ వియత్నాంలో పిల్లలకి తల దువ్వరేమో గానీ తైనాన్‌లో దువ్వుతాం."

"మళ్లీ తీస్తానత్తయ్యా."

"తియ్. ఇవాళ అమ్మల పండగ, బడికి ఊరంతా వస్తుంది. అన్‌చీ, ఇలా చూడు. టీచరు ఎర్ర పువ్వు ఇచ్చి అమ్మకి పెట్టమంటుంది కదా, ఎవరికి పెడతావు?"

పిల్ల వాళ్లమ్మ మొహం వైపు చూడబోయి ఆగిపోయింది. "నాయనమ్మకి."

"నా బంగారం!" అంది సూజూ. ఆమె కొడుకు జిన్‌దే సోయాపాల గ్లాసులో మొహం దాచుకుని తాగుతూ ఉండిపోయాడు. స్కూటర్ల షెడ్డులో ఎంత మొండి ఇంజనునైనా కూర్చోబెట్టి మాట్లాడించగలడు గానీ ఇంట్లో అతని నోరు ఎప్పుడూ స్టార్టు కాదు.

జిన్‌దేకి ముప్పై ఎనిమిదేళ్లు దాటినా పిల్ల దొరక్కపోతే, మధ్యవర్తిని పట్టుకుని వియత్నాంలో మెకాంగ్ నది ఒడ్డు నుంచి లియెన్‌ని తైవాన్‌కి తెచ్చుకున్నారు. తెచ్చుకున్ననాడే సూజూ రెండు కట్టుబాట్లు పెట్టింది. ఒంటరిగా గడప దాటకూడదు. ఇంట్లో ఆ భాష వినపడకూడదు. పరాయి దేశపు తల్లుల పిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయని సందులో ఆడవాళ్లు అనుకోవడం ఆమె చెవిన పడింది. అన్‌చీ పుట్టిన కొత్తలో లియెన్ ఏదో జోల అందుకుంటే, సూజూ వంటింట్లోంచి వచ్చి గిన్నె మీద గరిటెతో దడదడా వాయించింది. పసిది ఉలిక్కిపడి గుక్కపట్టింది. ఆ తర్వాత లియెన్ ఆ జోల ఎత్తలేదు. పిల్లకి మాటలొచ్చాక ఒకటి రెండు సార్లు అమ్మ భాషలో నీళ్లు అడిగితే అరచేతి మీద నాయనమ్మ చాప్‌స్టిక్స్ దెబ్బలు పడ్డాయి. పిల్ల తెలివైనది, ఇక అడగలేదు.

బడిలో అమ్మల పండగ హడావిడి. సూజూ ముందు వరసలో కూర్చుని పువ్వు పెట్టించుకుంది. లియెన్ గోడ పక్కన నిలబడింది. సూజూ పక్క కుర్చీలో ఎదురింటి గువో వదిన.

టీచరు మైకు తీసుకుంది. "మీ అమ్మ మిమ్మల్ని నిద్రపుచ్చేటప్పుడు ఏం పాడుతుందో ఒక్కొక్కరూ వచ్చి పాడండి చూద్దాం!"

ఒక పిల్లాడు చందమామ పాట పాడాడు. ఒక పిల్ల సగంలో ఏడ్చి దిగిపోయింది. అన్‌చీ వచ్చి, బుగ్గ కింద రెండు చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుని, మాటల్లేని ఒక రాగం మెల్లగా తీసింది. ఎంత మెత్తగా తీసిందంటే మొదట ఎవరూ పోల్చుకోలేదు. తర్వాత ఒక్కసారిగా అందరికీ తెలిసిపోయింది. రోజూ సాయంత్రం పసుపు రంగు చెత్త బండి మోగించుకుంటూ వచ్చే రాగం అది. అది వినిపిస్తే చాలు, పొయ్యి మీద చేపైనా వదిలేసి ఊళ్లో ఇంటికొకరు చెత్త సంచి పట్టుకుని రోడ్డు మీదికి పరిగెడతారు.

"సంచులు తెచ్చుకోండర్రోయ్, బండొచ్చింది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. తన పాట అందరికీ నచ్చిందనుకుని అన్‌చీ ఇంకోసారి మొదలెట్టింది.

"అయ్యో వదినా, మీ ఇంట్లో చెత్త బండి పాటతో జోకొడతారా!" గువో వదిన కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పోన్లే, పెద్దయ్యాక సంచి మోయడానికి భయపడదు."

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. సూజూ ఏడ్చే రకం కాదు. పువ్వు పీకి సంచిలో కుక్కుకుని, పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిచింది.

మధ్యాహ్నం నూడుల్స్ గిన్నెల ముందు కూర్చోగానే మొదలైంది.

"కావాలనే నేర్పావు."

"లేదత్తయ్యా."

"లేదేమిటి? ఎదురింటిదాని ముందు నా తల తీసేశావు! నా మనవరాలికి చెత్త బండి జోలా? నిన్ను తెచ్చుకోవడమే చెత్త ఎత్తుకోవడం అయిందనేనా, నలుగురికీ చెప్పించావు?"

"పోనీలే అమ్మా, చిన్నపిల్ల..." అన్నాడు జిన్‌దే.

"నువ్వు తిను. చల్లారిపోతున్నాయి."

అతను తిన్నాడు. లియెన్ గిన్నె కింద పెట్టింది. ఆమె యాస ఇంకా పోలేదు, మాటలు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతుంది. "మరి ఏం పాడమంటారత్తయ్యా?"

సూజూకి అర్థం కాలేదు. "ఏంటీ?"

"మా అమ్మ పాట వద్దన్నారు. మీ పాట నేర్పమని అడిగితే పోయి గిన్నెలు తోముకోమన్నారు. బజారుకి పంపరు, గుడికి పంపరు. రోజుకోసారి చెత్త వెయ్యడానికి మాత్రం పంపిస్తారు. ఆ పాట వినిపిస్తేనే నాకు తలుపు తీసేది. పసిదాన్ని ఎత్తుకుని పొద్దుటి నుంచీ దాని కోసమే కాచుకునేదాన్ని. ఈ ఊళ్లో నాకు వచ్చిన పాట అదొక్కటే. దానికి మాటలు లేవు కదా, యాస బాలేదని ఎవరూ అనరనుకున్నాను."

జిన్‌దే నమలడం ఆపేశాడు. సూజూకి ఇంకా కోపం వచ్చింది.

"నోరు లేచిందే! సరే విను. ఇవాళ్టి నుంచి పిల్ల నా గదిలో పడుకుంటుంది. నువ్వు దాని పక్కన పడుకోవద్దు, జోకొట్టొద్దు. నీ అలవాట్లన్నీ నేను మాన్పిస్తాను."

అంతవరకు రాయిలా ఉన్న లియెన్ కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద కూలబడింది. "అత్తయ్యా, అదొక్కటీ వద్దు. నోరెత్తను. బండి దగ్గరికి కూడా వెళ్లను. దాన్ని నా దగ్గరే పడుకోనివ్వండి. నాకింకేముంది ఇక్కడ?"

ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు గిన్నెలోకి చూశాడు. "అమ్మ చెప్పింది కదా... కొన్నాళ్లే కదా," అన్నాడు.

సూజూ పిల్లని చంకనేసుకుని తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. భోజనాలయ్యాక సందంతా నిద్రపోయే వేళ అది. అన్‌చీ నిద్రపోలేదు. అమ్మ కావాలంది. అమ్మ రాదంటే, పాట కావాలంది.

"సరే, పడుకో. పాడతాను," అంది సూజూ.

పాడదామని నోరు తెరిచింది. నోట్లో ఏమీ లేదు. గొంతు సవరించుకుని మళ్లీ తెరిచింది. చివరికి రేడియోలో కడుపునొప్పి మాత్రలకి వచ్చే పాట పైకొచ్చింది. అన్‌చీ నిర్ఘాంతపోయి విని, రెట్టింపు గొంతుతో ఏడుపు అందుకుంది.

అరవై నాలుగేళ్ల మనిషికి ఒక్క జోలపాట రాకపోవడమేమిటి? సూజూ మంచం అంచున కూర్చుని వెతుక్కుంది. నాలుగేళ్లప్పుడు ఆమెని కన్నవాళ్లు ఈ ఇంటికి పెంపుడు కోడలిగా ఇచ్చేశారు. పెద్దయ్యాక ఈ ఇంటి కొడుక్కే చేద్దామని తెచ్చుకున్న పిల్లకి జోల ఎవరు పాడతారు? ఇంటివాళ్ల పసిపిల్లని వీపున కట్టుకుని బియ్యం కడిగిన రోజులే గుర్తున్నాయి. కన్నతల్లి గొంతు ఎలా ఉండేదో కూడా గుర్తులేదు. తర్వాత జిన్‌దే పుట్టాడు. వాడికైనా పాడి ఉండొచ్చు. పురుటి నెల గడవకుండానే అత్త వాణ్ణి తీసుకుపోయి తన గదిలో పడుకోబెట్టుకుంది. "నీ దగ్గర ఉంటే నీ దరిద్రం అంటుకుంటుంది," అంది. ఆ తలుపు బయట సూజూ పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతుంటే కూర్చుని ఉండేది.

గది అదే. తలుపూ అదే. లోపల తాను కూర్చుంది, అంతే తేడా.

సూజూ లేచి తలుపు తీసింది. లియెన్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. తలుపు తెరుచుకోగానే అపరాధిలా గబుక్కున లేచి నిలబడింది.

"లోపలికి రా. దాన్ని పడుకోబెట్టు."

లియెన్ వచ్చి పిల్ల పక్కన ఒరిగి, అలవాటు కొద్దీ బండి రాగం అందుకుంది.

"అది కాదు. మీ అమ్మది పాడు."

లియెన్ తలెత్తి చూసింది. ఇది ఎలాంటి ఉచ్చు అన్నట్టు చూసింది. తర్వాత చాలా లోగొంతుతో తన భాషలో మొదటి మాట పలికింది.

అన్‌చీ ఏడుపు టక్కున ఆగిపోయింది. లేచి కూర్చుని తన చిన్న అరచేత్తో తల్లి నోరు గట్టిగా మూసేసింది.

"ష్! నాయనమ్మ వింటుందమ్మా. కొడుతుంది."

"కొట్టనే తల్లీ," అంటూ సూజూ ఆ చెయ్యి తియ్యడానికి ముందుకు వంగి తన చెయ్యి చాచింది. పిల్ల కళ్లు బిగించి, మెడ భుజాల్లోకి ముడుచుకుని, దెబ్బ కోసం ఎదురుచూసింది. అయినా తల్లి నోటి మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

సూజూకి ఏడుపు ముంచుకొచ్చింది. నలభై ఏళ్లుగా ఎవరి ముందూ ఏడవని మనిషి వెక్కుతూ వెనక్కి జరిగి, తన రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"ఇదిగో, చూడు. చేతులు ఇక్కడున్నాయి. తియ్యను. అమ్మని పాడనీ."

అన్‌చీ కళ్లు తెరిచి నాయనమ్మ తొడల వైపు చాలాసేపు అనుమానంగా చూసింది. తర్వాత మెల్లగా వేళ్లు సడలించింది. లియెన్ మళ్లీ మొదలుపెట్టింది. రెండు పాదాల తర్వాత మాటలు గుర్తు రాలేదు. కాసేపు వెతుక్కుని, కళ్లు తుడుచుకుని, మొదటికి వచ్చి మళ్లీ పాడింది. పిల్ల నిద్రపోతూ నిద్రపోతూ మధ్యమధ్యలో కళ్లు తెరిచి నాయనమ్మ వైపు చూసుకుంటోంది. సూజూ చేతులు తిమ్మిరెక్కిపోయినా వాటి మీంచి లేవలేదు.