చుట్ట తాగిన చెయ్యి

మేడమీద మూడో గదిలో దిగినవాడు అయితే పోలీసన్నా అయ్యుండాలి, లేకపోతే పెళ్లాన్ని వదిలేసి వచ్చినవాడన్నా అయ్యుండాలి అని నాలుగో గదిలో ఉంటూ కింద హాలు ఊడ్చే కొండమ్మ అందట. ఆ మాట పాలు పోసే యలమందయ్యతో అంటే, అతను ఎదురు టీ బంకులో చెప్పాడట. "పొద్దస్తమానం నేలకు చెవి ఆనించి పడుకుంటాడంట. కింద పాటలు వినాలంటే టికెట్ కొనుక్కోవచ్చు గదా," అని సొంతంగా ఒక ముక్క కూడా తగిలించాడట. తిరిగి తిరిగి ఆ కబురు అదే బంకులో టీ తాగుతున్న త్రినాథ్ చెవినే పడింది.

త్రినాథ్ గ్లాసు కింద పెట్టాడు. పదకొండేళ్ల సర్వీసు. మూడు దేశాల్లో ఎవరికీ దొరకని ఏజెంట్ సెవెంటీన్‌ని చిలకలూరిపేటలో హాలు ఊడ్చే మనిషి నాలుగు రోజుల్లో పట్టేసింది.

హాలు పేరు స్వరమంజరి. లైవ్ ఆర్కెస్ట్రా, పక్కనే భోజనాలు. పైన అద్దెకు ఆరు గదులు. కింద డ్రమ్స్ మొదలైతే పైన మంచం గోడ దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచి వస్తుంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫ్లోర్ మైక్ నాలుగు రోజులుగా ఆ మోత ఒక్కటే రికార్డు చేసింది.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. శాటిలైట్ ఫోన్ మోగింది. చీఫ్.

"ఆదివారం మధ్యాహ్నం ఆ హాల్లో పాటకచేరి. రైతులకు ఉచితంగా మిరపనారు. నాలుగొందల ట్రేలు, ముప్పై ఊళ్లు. పంచేముందు టానిక్ చల్లుతారు. నాలుగు స్ప్రేయర్లు. మూడింట్లో టానిక్కే. ఒకదాంట్లో ఆర్కిడ్ ముఠా తయారుచేసిన వైరస్. ముట్టుకుంటే పాకుతుంది. గుంటూరు, ప్రకాశం రెండు జిల్లాల్లో మిరపచేను మిగలదు."

"ఏ స్ప్రేయర్?"

"తెలీదు. అక్కర్లేదు కూడా. చల్లనివ్వు. ట్రేలకు ట్రాకర్లు పెట్టించాం. చేలు చచ్చాక శాంపిల్స్ కోసం ముఠా పెద్దలు వస్తారు. అప్పుడు పట్టుకుంటాం."

"చేలు చచ్చాకా?"

"ఇది ఆర్డర్, సెవెంటీన్."

లైన్ కట్టయింది. త్రినాథ్‌ది మిరప పండే ప్రత్తిపాడు. చేను చావడమంటే ఏమిటో ఫైల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం అతనికి లేదు. ఫోన్ మంచం మీదకు విసిరికొట్టాడు.

శనివారం పొద్దున తలుపు చప్పుడైంది.

"మీ గదిలో నీళ్లొస్తున్నాయా అండి?"

"మోటారు కాలిపోయింది."

కోడ్ సరిపోయింది. లోపలికి వచ్చింది జాస్మిన్. ఆర్కెస్ట్రా ప్రధాన గాయని. చమ్కీల చీర, పెట్టుడు రెప్పలు. ఆర్కిడ్ ముఠాకీ పనిచేస్తుంది, డిపార్ట్‌మెంట్‌కీ పనిచేస్తుంది.

"మూడో పాట అయిపోగానే నేను చెయ్యెత్తాలి. స్ప్రే చెయ్యడానికి అదే సిగ్నల్," అంది.

"ఎవడి చేతిలో ఉంది?"

"నాకు చెప్పరు. నన్ను వాళ్లు నమ్మరు. నువ్వు నమ్ముతావా?"

"లేదు."

"మంచిది. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే కూలి. చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుని, ఆ చేత్తోనే నాకు జడ వేసేది. ఇంకేమీ చెప్పను. నమ్మితే నమ్ము."

ఆదివారం ఒంటిగంటకే హాలు నిండిపోయింది. వేదిక కింద నారు ట్రేలు పచ్చగా బారులు తీరి ఉన్నాయి. వాటి ముందు ఆకుపచ్చ టోపీలతో నలుగురు నర్సరీ మనుషులు, నాలుగు స్ప్రేయర్లు. త్రినాథ్ సౌండ్ సిస్టమ్ వైర్లు సర్దేవాడి వేషంలో ఉన్నాడు. చొక్కా గుండీలోని కెమెరా నలుగురి మొహాలూ హైదరాబాద్ సర్వర్‌కు పంపింది. నో మ్యాచ్. నలుగురి మీదా ఏ రికార్డూ లేదు.

మూడో పాట మొదలైంది.

పక్కనే చీపురు పట్టుకుని కొండమ్మ నిలబడి ఉంది. ఈ ఏడే మొదటిసారి సొంతంగా ఎకరం కౌలుకు చేస్తోంది. నారు కూపను నడుముకు దోపుకుంది. ఉన్నట్టుండి పళ్లు కొరికింది.

"వాడి చేతులిరగ. వాడేం నర్సరీవాడు?"

"ఎవరు కొండమ్మక్కా?"

"ఆ చివర మీసాలాడు. ఇప్పుడేగా గుమ్మం బయట చుట్ట కాల్చి వచ్చాడు. ఆ చేత్తోనే నారు సర్దుతున్నాడు చూడు. చుట్ట చేత్తో ముడితే నారుకి ముడత తెగులొస్తదని చంటిపిల్లనడిగినా చెప్పుద్ది. నేను కూలికెళ్లే చేలో మేస్త్రి అయితే సబ్బుతో కడుక్కుంటేగాని నారుమడి గట్టు తొక్కనివ్వడు."

త్రినాథ్ మీసాలవాడి వేళ్ల వైపు చూశాడు. ఎక్కడో పరాయి దేశంలో ఎవడో ఫైలు చదివి వాడికి ఆ వేషం కట్టించాడు. ఒంగోలు వైపు మగాళ్లు చుట్ట తాగుతారని ఫైల్లో ఉంది. చెయ్యి కడుక్కుంటారని లేదు.

"సెవెంటీన్, కదలొద్దు," అంది చెవిలో చీఫ్ గొంతు.

త్రినాథ్ ఇయర్‌పీస్ పీకి పారేసి కుర్చీల మధ్య నుంచి పరుగెత్తాడు.

పాట చివరి చరణంలో ఉంది. జాస్మిన్ అతన్ని చూసింది. ఎత్తాల్సిన చెయ్యి ఎత్తలేదు. పాట ముగించకుండా పల్లవి మళ్లీ అందుకుంది. కీబోర్డు వాయించే జయపాల్ బిత్తరపోయి, తేరుకుని వెంట వాయించాడు. మీసాలవాడు ఒక్క క్షణం ఆగాడు, అనుమానంగా వేదిక వైపు చూశాడు, ఇక సిగ్నల్ కోసం చూడకుండా స్ప్రేయర్ మీట నొక్కాడు.

నాజిల్ మూతి మీద త్రినాథ్ అరచెయ్యి పడింది. చల్లటి ద్రవం వేళ్ల సందుల్లోకి చిమ్మింది. ఇద్దరూ కలబడి గోడ వైపు దొర్లారు.

"ఒరేయ్, నారు మీద పడ్డారంటే ఇద్దర్నీ చంపేస్తా," అంటూ వచ్చింది కొండమ్మ. చీపురు తిరగేసి మీసాలవాడి నెత్తిన నాలుగు తగిలించింది. మీసం ఊడి చీపురుకు అంటుకుంది.

జనం తాగుబోతుల గొడవ అనుకున్నారు. డ్రమ్స్ ఆగలేదు.

నాలుగింటికి చీఫ్ కారు వచ్చింది. ఆయన మూడో గదిలోకి వచ్చేసరికి, కొండమ్మ సబ్బు అందిస్తుంటే త్రినాథ్ ఆరోసారి చేతులు కడుగుతున్నాడు. జాస్మిన్ మంచం మీద కూర్చుని పెట్టుడు రెప్పలు తీస్తోంది.

"రెండేళ్ల ఆపరేషన్," అన్నాడు చీఫ్. "ఆర్కిడ్ బాస్ గంట కిందట చెన్నై నుంచి విమానం ఎక్కేశాడు. ఎందుకు? నాలుగు మొక్కల కోసం. ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది వీళ్ల పంట పోతే ఏం మునిగిపోయేది?"

కొండమ్మ సబ్బు కింద పెట్టి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితే ఈ ఏడు మీ ఆఫీసులో అందరి జీతాలూ ఆపెయ్యమనండి. ఒక్క ఏడాదేగా."