చనిపోయాక చదివిన నవల

చనిపోయిన మూడు నెలలకు ఆమె గొంతుతో కొత్త ఆడియో నవల విడుదలైంది.

ఉదయం 11:20. స్టూడియో కంట్రోల్ రూమ్‌లో నలుగురున్నారు. ఇన్‌స్పెక్టర్, ఓనర్, పాతికేళ్లుగా ఆమె రికార్డింగులు ఎడిట్ చేసిన సౌండ్ ఇంజనీర్, ఫిర్యాదు చేసిన కూతురు. స్పీకర్లలో ఆ తల్లి గొంతు తాపీగా కథ చదువుతోంది.

"అమ్మ ఈ పుస్తకం చదవలేదు సార్. మమ్మల్ని అడక్కుండా మెషీన్ చేత చదివించారు."

"ఆరేళ్ల కిందటి రికార్డింగండీ," అన్నాడు ఓనర్. "అప్పట్లో రిలీజ్ చెయ్యలేదంతే. అగ్రిమెంట్ ప్రకారం ఆవిడ రికార్డింగులన్నిటికీ కాపీరైట్ మాదే."

నిజమే. రికార్డింగులు స్టూడియోవి. గొంతు కాదు. కొత్త టెక్నాలజీ వెనక చట్టం ఆయాసపడుతూ నడుస్తున్నా, ఆ తేడా మాత్రం అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉంది. ఓనర్ మాట నిలిస్తే, చనిపోయిన మనిషి చేత ఇక ఎన్ని పుస్తకాలైనా చదివించుకోవచ్చు.

"ఎడిట్ చెయ్యని ఫైల్ ఉందా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"లేకేం? ఎవరూ చెయ్యి పెట్టనిది," అన్నాడు ఓనర్.

ఇన్‌స్పెక్టర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు. చిన్న దగ్గు. కుర్చీ కిర్రుమంది. నలభై నిమిషాలు కదలకుండా విన్నాడు.

12:05. ఇంజనీర్ వైపు తిరిగాడు.

"ఎడిటింగ్‌లో ముందు ఏం తీసేస్తారు?"

"ఊపిరి సార్. వాక్యానికీ వాక్యానికీ మధ్య పీల్చుకుంటారుగా. ఆ శబ్దాలన్నీ కోసేస్తా..."

సగంలో ఆగిపోయాడు.

"మరి చెయ్యి పెట్టని ఫైల్‌లో ఒక్క ఊపిరీ లేదేం? నలభై నిమిషాలు ఊపిరి తియ్యకుండా ఎలా చదివింది?"

ఇన్‌స్పెక్టర్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు ఎడిట్ చేసిన పాత రికార్డింగులతోనే మెషీన్‌కు నేర్పించారు. దానికి ఆవిడ ఊపిరి తెలీదు. దగ్గు, పేజీలు, కుర్చీ తర్వాత అతికించారు. అంతేనా?"

ఓనర్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఇంజనీరే తల ఊపాడు.

"పాతికేళ్లుగా ఆవిణ్ణి ఊపిరి లేకుండానే వింటున్నా సార్. లేదన్న సంగతే నాకు తట్టలేదు."

"మెషీన్ సీజ్ చేస్తున్నాం. నవల వెంటనే తీసేయండి. ముందు ఆ స్పీకర్లు ఆపండి."

ఇంజనీర్ చెయ్యి చాచాడు. కూతురు ఆ చెయ్యి పట్టుకుంది. గెలిచింది ఆమే, ఏడుస్తున్నదీ ఆమే.

"ఇది మా అమ్మ కాదని తెలుసు అంకుల్," అంది. "ఈ చాప్టర్ అయ్యేదాకా ఉండనివ్వండి."