రంగూను రేవు ఫొటో

ఆదివారం తెల్లవారేసరికి వేటపాలెంలో రిటైర్డ్ టీచరు ప్రేమదాసు శవం ఆయన ఇంటి వెనక నూతిలో తేలింది.

కాలుజారి పడ్డాడన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఎస్సై యలమందయ్యకు ఆ మాట మింగుడుపడలేదు. దెబ్బ తల వెనక ఉంది.

"ఇంట్లో ఏమన్నా పోయిందా అమ్మా?"

పాత నెగెటివుతో కొత్తగా కడిగించిన ఫొటో పోయిందని చెప్పింది భార్య పుల్లమ్మ. శనివారం సాయంత్రమే ప్రేమదాసు చీరాల స్టూడియో నుంచి తెచ్చాడట. కవరు విప్పి ఆమెకైనా చూపించలేదు.

గోడ మీద పాత ప్రింటు అలాగే ఉంది. ఓడ మీంచి తీసిన రంగూను రేవు. గోదాములు, ఎడమ పక్క గడియారపు స్తంభం, చీమల్లా కూలీలు. ప్రేమదాసు అన్న జక్రయ్య కుర్రతనంలో అక్కడికి వెళ్లి, నెగెటివు పంపితే ఇక్కడ కడిగించిన ఫొటో అది. యుద్ధంలో జక్రయ్య జాడ లేకుండా పోయాడు. మళ్లీ కిందటేడు, 1983లో, ముసలివాడై తిరిగొచ్చాడు. జీడిమామిడి తోటలో సగం అతని పేర రాయడానికి ప్రేమదాసు సిద్ధమయ్యాడు.

తోట చేతులు మారితే కౌలు పోతుందని కౌలురైతు బాపయ్య శుక్రవారమే వీధిలో నిలబడి కేకలేశాడు. ఊరంతా అతన్నే అనుమానించింది.

కానీ బాపయ్యకు ఫొటో దేనికి?

యలమందయ్య జీపు చీరాలకు తిప్పించాడు. స్టూడియో ఓనరు బుడాన్ చెప్పింది విని, ఇంకో ప్రింటు కడిగించుకుని వచ్చాడు.

సాయంత్రం అందర్నీ వసారాలో కూర్చోబెట్టాడు. బాపయ్యను నాలుగు ప్రశ్నలడిగి వదిలేశాడు. తరవాత జక్రయ్య వైపు తిరిగాడు.

"ఆ రేవులో పనిచేసినవారు మీరు. ఓడ దిగితే గడియారపు స్తంభం ఎటుంటుందండీ?"

"కుడి చేతి వైపు."

ప్రేమదాసు కూతురు జయకుమారి తలెత్తింది.

"చర్చిలో లేచి మీ కథ సాక్ష్యంగా చెప్పినప్పుడు ఎడమ వైపన్నారు గదా, పెదనాన్నా?"

ఎస్సై కొత్త ప్రింటు బల్ల మీద పెట్టాడు. అందులో స్తంభం కుడి వైపుంది. పూర్వం నెగెటివు తిరగేసి కడిగారనీ, గోదాము మీది అక్షరాలు భూతద్దంలో చూసి తప్పు పట్టుకున్నాననీ బుడాన్ చెప్పాడన్నాడు.

"ఏడాదిపాటు గోడ మీది ఫొటో చూసి ఎడమ అన్నారు. ఇవాళ కుడి అంటున్నారు. నిన్నటి కొత్త ప్రింటు చూసింది బుడాన్, ప్రేమదాసుగారు. మూడోవాడు దాన్ని మాయం చేసినవాడు."

జక్రయ్యనంటూ వచ్చినవాడు నోరు విప్పాడు. తాను పనిచేసింది మాండలేలో బియ్యం మిల్లులో. రంగూను రేవు ఎన్నడూ చూడలేదు. రాత్రి నూతి దగ్గర ప్రేమదాసు నిలదీశాడు, తాను తోసేశాడు, తల గట్టుకు తగిలి ఆయన నూతిలో పడ్డాడు.

"మరి మా బావగారేరి?" పుల్లమ్మ అడిగింది.

"యుద్ధంలో బర్మా నుంచి నడిచొస్తుంటే అడవిలో జ్వరమొచ్చి పోయాడమ్మా. నేనే పూడ్చాను. దారి పొడుగునా తమ్ముడి కబుర్లే చెప్పేవాడు."

పుల్లమ్మ అతని వైపే చూస్తూ ఉండిపోయింది. ఏడాదిపాటు ఇంట్లో తొలి ముద్ద ఇతనికే పెట్టింది.

"నీ పేరేంటి?" అడిగిందామె.

కానిస్టేబులు బేడీలు వేస్తుండగా తలవంచుకుని చెప్పాడు.

"యాకోబు."