ఎడమ మూలన కత్తిరించిన స్కర్టు

“నువ్వు చెప్పినట్లే కత్తిరించినా. చూడు, రెండు ముక్కలైపోయినాది!”

చైత్ర కవరులోంచి నీలం గుడ్డ తీసి కౌంటరు మీద పడేసింది. బయట సన్నగా వాన. ఆమె జడ మీద చినుకులు మెరుస్తున్నాయి. గుడ్డను చూడాలో చినుకులను చూడాలో తెలియక పునీత్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

క్యాసంబళ్ళి బజారులోని ఆ బట్టల కొట్టు పునీత్ వాళ్ల నాన్న నంజుండప్పది. చైత్ర ఊరి చివర రాగిచేలు, పట్టుపురుగుల షెడ్డు ఉన్న ఓబలప్ప కూతురు. సోమవారం నుంచి నరసాపురలో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఉండేది అక్కడి హాస్టల్లోనే. కొత్త చోటికి అంబ్రెల్లా స్కర్టు వేసుకుని వెళ్లాలని ఆమె ముచ్చట. టైలరేమో పెళ్లిళ్ల గుడ్డలున్నాయి, నెల పడుతుందన్నాడు. ఇంట్లో మిషను ఉంది, ఆమెకు కుట్టడం వచ్చు. కత్తిరించడమే భయం.

ఆమె వెళ్లిపోతోందని విన్నప్పటి నుంచి పునీత్‌కు అన్నం సహించడం లేదు. బస్సెక్కేలోగా ఒక్క మాట చెప్పాలి. ఆ మాట చెప్పడానికి నోరు రాక, బుధవారం స్కర్టు కత్తిరించడం ఎలాగో చెప్పాడు.

“పేపరు కటింగు ఏమీ అక్కరలేదు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంతుండాదో పొడవు అంతే చింపినా. ఇంగ దీన్ని నాలుగు మడతలు వేస్తే సరి” అంటూ మడిచాడు. “నడుము కొలత?”

చైత్ర ముడి వేసిన దారం ఒకటి అతని ముందుకు జరిపి, తువ్వాళ్ల వైపు చూస్తూ నిలబడింది. అతను ఆ దారాన్ని ఆరు మడతలు చేశాడు.

“మూల నుంచి ఇంత దూరంలో ఒక గుండ్రం గీత, అది నడుముకు. అదే మూల నుంచి గుడ్డ చివరిదాకా ఇంకో గుండ్రం గీత, అది కింది అంచుకు. రెండు గీతల మీదా కత్తిరిస్తే స్కర్టే.”

“యా మూల?”

“ఈ మడత అంచు మీద, ఎడమ మూల.”

ఇంటికి వెళ్లి ఆమె తన ఎడమ చేతి మూలే పట్టుకుంది. గుండ్రంగా ఒక్క ముక్క రావలసింది, రెండు ముక్కలై ఊడివచ్చింది.

ఇప్పుడు నంజుండప్ప కళ్లద్దాలు సవరించుకుంటూ లేచి వచ్చాడు.

“యా మూలని చెప్పినావురా?”

“ఎడమ మూల నాయనా.”

“ఎవరి ఎడమ?”

పునీత్ తన ఎడమ చెయ్యి చూసుకుని, ఎదురుగా ఉన్న చైత్ర ఎడమ చెయ్యి చూశాడు.

కౌంటరుకు ఇవతల ఎడమ అయితే అవతల కుడి. అందుకే ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. ఏ గుడ్డ చూపించినా కొనేవాళ్ల వైపు నుంచే మాట్లాడాలి. మీ కుడి చేతి అంచు, మీ వైపు పువ్వు అని. ఆ పద్ధతి పునీత్‌కు మాటలు వచ్చినప్పుడే వచ్చింది.

“తాగి వచ్చినోళ్లకు కూడా కరెక్టుగా చెప్పేవోడివి గదరా. ఆ దినం నీ కండ్లు యాడుండె?”

“నా కమ్మల మీదుండె అంకుల్” అనేసి చైత్ర నాలుక కరుచుకుంది.

నంజుండప్ప కొడుకును చూశాడు. ఆ పిల్లను చూశాడు. లోపలికి తిరిగి కేకేశాడు. “విశాలా! ఒకసారి రా. నీ కొడుకు కుడి ఎడమ మర్చిపోయినాడు.”

విశాలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, రెండు ముక్కలూ పరిచి చూసింది.

“యాడ పాడయిందమ్మా? మడత మీదనే కోసినావు గాబట్టి రెండూ సరిగ్గా సగం సగం వచ్చినాయి. పక్కలు కలిపి కుట్టితే అదే స్కర్టు. ఒకే ముక్కయింటే వేసుకునేదానికి నడుము కాడ చీల్చాల్సి వచ్చుండు. ఇప్పుడు పక్క కుట్టులోనే హుక్కు పెట్టుకోవచ్చు. జేబులు కూడా పెట్టుకోవచ్చు.”

“జేబులా!” చైత్ర కోపం సగం జారిపోయింది. “కుట్టులోకి గుడ్డ పోతే నడుము బిగిసిపోదా అమ్మా?”

“నడుము గుండ్రాన్ని రవ్వంత లోతుగా కోసుకో. రా, నా మిషను మీదనే కుట్టుకుందువు.”

ఇల్లు కొట్టు వెనకే. వరండాలో మిషను ముందు చైత్ర కూర్చుంది. జేబులకు గుడ్డ తీసుకుని పునీత్ వచ్చాడు. రేకుల మీద వాన, కింద మిషను చప్పుడు.

“కోపం పోయినాదా?”

“గుడ్డ బాగయింది. నువ్వే ఇంకా బాగుపడలేదు.”

“చైత్రా, ఒక మాట చెప్పల్ల.”

“ఎడమ పక్క నుంచా, కుడి పక్క నుంచా?”

అతను నవ్వలేదు. జేబు గుడ్డను అవసరం లేకపోయినా మళ్లీ మడిచాడు.

“నువ్వు పోయినాక కొట్టులోకి ఎవరు వచ్చినా నువ్వే అనుకోని తలెత్తి చూస్తాను. నువ్వంటే నాకు అంత ఇష్టం. పోవద్దని చెప్పడంలేదు. చెప్పకుండా ఉండలేక చెప్తా ఉండాను.”

మిషను ఆగింది.

“పోవద్దని చెప్పింటే ఈ కత్తెర ఎత్తుకునుందును” అంది చైత్ర, తల ఎత్తకుండా. “నేను ఉద్యోగం మాననప్పా.”

“మానొద్దు.”

“పెండ్లయినాక కూడా మానను.”

అన్నాక గాని ఏమన్నదో ఆమెకే తెలియలేదు. బుగ్గలు ఎర్రబడి, మిషను చక్రం వెనక్కి తిప్పింది. దారం తెగింది.

“పెండ్లయినాక కూడా మానొద్దు” అన్నాడు పునీత్, సూదిలోకి దారం ఎక్కిస్తూ. రెండుసార్లు తప్పింది.

గుమ్మంలో విశాలమ్మ కాఫీ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

“శనివారం శనివారం రావల్లమ్మా” అంది. “దూరం పోయినోళ్లు ఫోన్లో బాగుండామనే అంటారు. మొగం చూస్తే గదా మనకు తెలిసేది.”

వాన తగ్గే వేళకు ఓబలప్ప కూతురి కోసం వచ్చాడు. నంజుండప్ప కుర్చీ జరిపి వేసి, విశాలమ్మ తన చెవిన వేసిన సంగతంతా దాచకుండా చెప్పాడు.

“గుడ్డ సంగతి ఇంట్లోనే వింటిని” అన్నాడు ఓబలప్ప. “రెండు దినాలుగా నీ కొడుకును తిడతానే ఉండాది. గుడ్డ కోసరం అంత ఎవరన్నా తిడతారా? నాకు అప్పుడే అనుమానం.” కండువా సర్దుకుని, “మేము మన్ను పిసికేటోళ్లం నంజుండప్పా. మీరు కొట్టు పెట్టుకున్నోళ్లు. ఆలోచించినావా?” అన్నాడు.

“మీ మన్నులో పండిన రాగే గదా మేము తినేది. ఇంగ ఆలోచించేదేముండాది?”

చైత్ర కొత్త స్కర్టుతో వరండాలోంచి వచ్చింది. జేబుల్లో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది.

“నీకు సరేనా తల్లీ?”

“సరే నాయనా. కానీ సోమవారం పోతాను.”

“పో. వద్దన్నదెవరు? పరుపు, బకెట్టు, ఇంత సామాను ఒక్కణ్ణే యాడ మోసేది?” పునీత్ వైపు తిరిగాడు. “నువ్వూ రాప్పా.”

సోమవారం పొద్దున బస్సులో ఓబలప్ప పక్కన, ఒళ్లో బకెట్టు పెట్టుకుని పునీత్ కూర్చున్నాడు. ముందు సీటులో చైత్ర దారంతా వెనక్కి తిరగలేదు. తిరిగితే నవ్వు వస్తుందని భయం. హాస్టలు గేటు దగ్గర మగవాళ్లకు లోపలికి ప్రవేశం లేదన్నారు. ఆమె బకెట్టు అందుకుంది.

“శనివారం సాయంత్రం వస్తాను. బండి తేవద్దు, చక్రంలో స్కర్టు పడుతుంది. నన్ను పిలుచుకోని పోయేదానికి బస్సులోనే రా.”

“వస్తాను.”

నీలం స్కర్టు మెట్ల మలుపు దాటి కనిపించకుండా పోయింది. పునీత్ మాత్రం గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఓబలప్ప కండువాతో ముఖం తుడుచుకుని, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“పదప్పా. శనివారానికి ఇంకా టైముండాది.”